చుక్క పెట్టని హకీము

అరబ్బు దేశంలోని హమా అనే ఊళ్ళో వైద్యం చేసుకుని బతికేవాళ్ళు ఆ రోజుల్లో ఇరవై ముగ్గురు. వాళ్ళలో మందుచీటీ మీద ఒక్క చుక్క కూడా పెట్టనివాడు హకీము ముఫద్దల్ ఒక్కడే.

అరబ్బీ అక్షరాల్లో సగం ఒకే ఒంపులో ఉంటాయి. పైన ఎన్ని చుక్కలు, కింద ఎన్ని చుక్కలు అన్నదాన్ని బట్టే ఏది ఏ అక్షరమో తేలుతుంది. ఆ చుక్కలు బళ్ళో పలక పట్టే పిల్లలకే తప్ప పెద్దలకు కాదని చదువుకున్నవాళ్ళందరి నమ్మకం. ఒక పెద్దమనిషికి ఉత్తరం రాస్తూ చుక్కలు పెట్టడమంటే, "నీ మొహానికి చదవడం కూడానా" అని అన్నట్టే లెక్క. ఉత్తరంలో చుక్కలు చూసి కుదిరిన సంబంధం వదులుకున్న వియ్యంకులున్నారు. అయితే మిగతా వైద్యులు ఎంత గొప్పలు పోయినా మందుచీటీ దగ్గరికి వచ్చేసరికి కాస్త తగ్గి, అవసరమైనచోట రెండు చుక్కలు విదిల్చేవాళ్ళు. ముఫద్దల్ అక్కడా తగ్గేవాడు కాదు. ఆయన చీటీ అర్థం కాలేదంటే లోపం చీటీలో లేదు, చదివేవాడి పెంపకంలో ఉంది.

మిగిలిన విషయాల్లో మంచివాడే. పేదవాళ్ళ ఇళ్ళకు పిలవకపోయినా వెళ్ళేవాడు. యవన వైద్యుల గ్రంథాలు ఆయనకు కంఠతా వచ్చు. ఒంట్లో నెత్తురు, కఫం, పచ్చపిత్తం, నల్లపిత్తం అని నాలుగు రసాలుంటాయని, అవి సమంగా ఉంటే మనిషని, ఒకటి పొంగితే రోగి అని, లోకంలో ప్రతి వస్తువూ వేడో చలవో, పొడో తడో అయి తీరుతుందని ఆయనకు తన పేరు తెలిసినంత బాగా తెలుసు. ఇంత తెలిసినా యాభై నాలుగేళ్ళొచ్చేసరికి ఒక్క కోరిక మాత్రం తీరలేదు. ధర్మాసుపత్రిలో జ్వరాల గదికి వైద్యుడుగా కూర్చోవాలని పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. ఆ పీఠం ఎవరికివ్వాలో చెప్పేది ఊళ్ళో వైద్యులందరికీ పెద్ద అయిన రయీస్ బద్రాన్. రయీసు గారికి ముఫద్దల్ మీద కోపమేమీ లేదు, అసలు ముఫద్దలనే మనిషి ఉన్నాడని గుర్తుంటే కదా.

చలికాలం మొదట్లో జీనులు కుట్టే గానిమ్‌కు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. ముఫద్దల్ వెళ్ళి నాడి చూశాడు. సీసాలో పట్టి ఉంచిన మూత్రాన్ని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. కఫం. అంటే చలవా, తడీ. ఛాతీలో పేరుకుంది. దీనికి గ్రంథాల్లో ఉన్న మందు ఒకటే, ఎండు అంజూరం కషాయం. కాగితం తీసి, గుప్పెడు అంజూరం మూడు గిన్నెల నీళ్ళలో వేసి ఒక గిన్నె అయ్యేదాకా మరిగించి, వడగట్టి, ఉదయం సాయంత్రం గోరువెచ్చగా తాగించమని రాశాడు. అలవాటు ప్రకారం చుక్క లేదు. చీటీ గానిమ్ భార్య లుబాబా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇక్కడే చిక్కు. అంజూరాన్ని అరబ్బీలో తీన్ అంటారు. ఎండుగడ్డిని తిబ్న్ అంటారు. రాస్తే రెండూ ఒకటే మూడు పళ్ళ దువ్వెన. నడిమి పన్ను కింద రెండు చుక్కలుంటే పండు, ఒక్కటే ఉంటే గడ్డి. అసలు చుక్కే లేకపోతే చదివేవాడి అదృష్టం.

లుబాబా చదువుకున్న ఇల్లాలే. తండ్రి ఖురాను పాఠాలు చెప్పేవాడు. జీనులు కుట్టేవాడి ఇంట్లో నాలుగు మూలలా ఉండేది ఎండుగడ్డి. జీనులో కూరేది అదే, కూర్చునేది దాని మీదే, రొట్టెలో అప్పుడప్పుడూ కనిపించేదీ అదే. పైగా చీటీలో గుప్పెడు అన్నాడు. గడ్డిని గుప్పెళ్ళతో కొలుస్తారు గానీ పళ్ళను కొలుస్తారా? ఆమె కళ్ళకు ఆ మాట గడ్డి అనే కనిపించింది.

"ఏవండీ, హకీం గారు గడ్డి మరిగించి తాగమన్నారు," అంది.

"ఏ గడ్డి?" అన్నాడు గానిమ్ దగ్గుతూ.

"మనింట్లో గడ్డే. రోగం ఎక్కడ పట్టుకుందో మందు అక్కడే ఉంటుందని చూసినట్టున్నారు. మహానుభావుడు. ఇంకొకడైతే అంగడికి తోలేవాడు."

ఆరో రోజున ముఫద్దల్ వచ్చేసరికి గానిమ్ గోడకు చేరబడి రొట్టె, ఉల్లిపాయ తింటున్నాడు. జ్వరం లేదు. ఛాతీలో కూత లేదు. పక్కింటివాళ్ళు నలుగురు వచ్చి కూర్చున్నారు. ముఫద్దల్ ముఖం వెలిగిపోయింది.

"చూశావా అమ్మా, చెప్పినట్టు చేస్తే ఎలా ఉంటుందో! రోజుకు ఎన్ని వేశావు?"

"ఎన్నా? గుప్పెడన్నారుగా హకీం గారూ, గుప్పెడే వేశా. ఆ మూల మోపులోంచే తీశా, మంచి బార్లీ గడ్డి. దుమ్ము లేకుండా జల్లించి మరీ వేశాను."

ముఫద్దల్ ఆ మూలకు చూశాడు. మోపు కనిపించింది. తర్వాత లుబాబా చేతిలో చీటీకేసి చూశాడు. ఆ మూడు పళ్ళు ఆయన్ను చూసి ఇకిలించాయి. అప్పుడే నోరు తెరిచి, "అయ్యో తల్లీ, అది గడ్డి కాదు" అని ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అనబోయాడు కూడా. అంతలో పక్కింటి ముసలాయన లేచి ఆయన చెయ్యి కళ్ళకద్దుకుని, "ఎంతమందిని చూశాం నాయనా, ఇంట్లో గడ్డితో ప్రాణం పోసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాం" అన్నాడు. పొగడ్త మింగడం చాలా తేలిక, కషాయంలా కాదు.

"అవును," అన్నాడు ముఫద్దల్ గొంతు సవరించుకుని. "గడ్డి... గడ్డిలో గుణముంది."

ఇది ఆ ఇంటి గడప దాటకపోయినా బాగుండేది. కానీ లుబాబా ఊరుకునే మనిషి కాదు. ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. రోగి చనిపోతే, వైద్యుడు రాసిచ్చిన చీటీలన్నీ పట్టుకుని ఇంటివాళ్ళు రయీసు దగ్గరికి వెళ్తారు. ఆయన చదివి, మందులన్నీ గ్రంథం ప్రకారం ఉంటే, "ఆయువు తీరింది, వైద్యుడి తప్పేం లేదు" అంటాడు. లేకపోతే ప్రాణానికి పరిహారం వైద్యుడి దగ్గర ఇప్పిస్తాడు. లుబాబా చీటీ తీసుకుని, బతికిన మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది.

రయీస్ బద్రాన్ ఇద్దర్నీ పైనించి కిందికి చూశాడు.

"చచ్చిందెవరమ్మా?"

"ఎవరూ చావలేదండీ. ఈయన బతికారు, అది చెప్పుకుందామని వచ్చాం."

ఇరవై ఏళ్ళ పదవిలో బద్రాన్ దగ్గరికి రోగి తన కాళ్ళ మీద నడిచి రావడం అదే మొదటిసారి. ముచ్చటపడిపోయాడు. ఏం మందు అన్నాడు. గడ్డి అన్నారు. చీటీ చూశాడు, గడ్డి అని ముందే విన్నాడు కాబట్టి ఆయనకూ గడ్డే కనిపించింది. మర్నాడే ముఫద్దల్‌కు కబురొచ్చింది.

రాత్రంతా ముఫద్దల్‌కు నిద్ర లేదు. నిజం చెప్తే, చుక్క పెట్టక గడ్డి తాగించిన హకీము అని ఊరంతా నవ్వుతుంది, పీఠం సంగతి మరిచిపోవాల్సిందే. అబద్ధం చెప్పాలంటే గ్రంథం కావాలి. తెల్లారేసరికి గ్రంథం లేకుండానే దారి దొరికింది. అంజూరం వేడి వస్తువే, కానీ తడి. గడ్డి నెలల తరబడి ఎండ తాగి ఉంటుంది, అంటే వేడీ, పొడీ. కఫమేమో చలవా, తడీ. లెక్క ప్రకారం చూస్తే కఫానికి సరైన విరుగుడు గడ్డే! పాత వైద్యులకు ఇంత చిన్న విషయం ఎందుకు తట్టలేదా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది. అబద్ధం ఆడడానికి బయల్దేరినవాడు దారిలో సగం నమ్మేశాడు కూడా.

బద్రాన్ విని తల ఊపాడు. ఆయనకూ పాత దగ్గొకటి ఉంది. వారం రోజులు గడ్డి కషాయం తాగి, ఒళ్ళు తేలికైందన్నాడు. కోటలో ఉండి ఊరిని ఏలే వాలీ గారికి చెప్పాడు. వాలీ తాగాడు. వాలీ తాగాక ఊళ్ళో తాగనివాడెవడు? నెల తిరిగేసరికి ముఫద్దల్ జ్వరాల గదిలో పీఠం మీద కూర్చుని, గడ్డి గుణాల మీద పన్నెండు కాగితాల వ్యాసం రాశాడు, అందులోనూ చుక్క పెట్టలేదు. అంగట్లో గడ్డి మోపు ధర రెండింతలైంది. దగ్గు లేనివాళ్ళు కూడా ముందుజాగ్రత్తగా తాగారు. మనుషుల కోసం గాడిదలు పస్తులున్న చలికాలమని గాడిదలవాళ్ళు ముఫద్దల్‌ను పేరుపెట్టి తిట్టారు. "గడ్డి తినే బుద్ధులంటే ఇవే," అని అరిచాడొకడు ఆసుపత్రి గుమ్మం ముందు. ఆ తిట్టు ఎంత సరిగ్గా తగిలిందో వాడికి తెలియదు.

చలికాలం చివర్లో గానిమ్ కూతురు జుమానా దగ్గడం మొదలుపెట్టింది. ఆరేళ్ళ పిల్ల. దారిలో పోతూ దగ్గు వినిపించి ముఫద్దల్ తనంతట తనే లోపలికి వెళ్ళాడు.

"మీరెందుకు శ్రమపడ్డం హకీం గారూ," అంది లుబాబా. "మందు మనింట్లోదేగా, పొద్దున్నే పొయ్యి మీద పెట్టేశా."

ముఫద్దల్ పిల్ల వీపుకు చెవి ఆనించాడు. లోపల సన్నగా కూత. ఆ చప్పుడు ఆయన ఎరగనిది కాదు. ఆరేళ్ళ కిందట తన ఇంట్లోనే, తన భార్య ఛాతీలో నలభై రోజులు, ఆమె పోయేదాకా విన్నాడు. చెవి తీశాడు. పీఠం, వ్యాసం, వాలీ గారి దగ్గు అన్నీ మనసులోంచి ఎగిరిపోయి ఒక్క భయమే మిగిలింది. ఈ పిల్లకు సరైన మందు పడాలి. తన అబద్ధం ఈ పిల్ల గొంతులో పొయ్యకూడదు.

"అమ్మా, ఆ గడ్డి దించెయ్. అంజూరం పెట్టు."

"అంజూరమా? ఎందుకండీ, గడ్డికేమైంది?"

"నేను రాసింది అంజూరమే తల్లీ. మొదటిసారి కూడా. చుక్కలు పెట్టలేదు, నువ్వు గడ్డి అని చదివావు. నేను... ఆ రోజు చెప్పలేకపోయాను."

లుబాబా ముందు నవ్వింది. తర్వాత ఆమె ముఖం మాడిపోయింది.

"అంటే నేను నా మొగుడికి గాడిద మేత తాగించానంటారా?"

"నీ తప్పు కాదమ్మా, నాదే."

"తప్పేమిటండీ మధ్యలో, మనిషి బతికాడుగా! ఊరంతా బతికిందిగా! అయ్యో, మీకేమైంది ఇవాళ? ముఖం అలా పాలిపోయిందేంటి?"

ముఫద్దల్ మాటలతో లాభం లేదనుకుని కాగితం తీశాడు. జీవితంలో మొదటిసారి, బళ్ళో పిల్లాడిలా నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ప్రతి అక్షరానికీ చుక్కలు పెట్టి, పొరపాటు పడే వీల్లేకుండా తీన్ అని రాశాడు. కింద మళ్ళీ ఒకసారి, ఇంకా పెద్ద చుక్కలతో రాశాడు. లుబాబా ఆ కాగితం చూసింది. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"మా నాన్న నలభై మందికి చదువు చెప్పాడండీ. నాకు చుక్కలు పెట్టి రాస్తారా? మీరు బాగుండి ఉంటే ఈ పని చెయ్యరు. మీ ఒంట్లో బాగోలేదు."

కోపం కన్నా భయం ఎక్కువై, ముసుగు కప్పుకుని ఆ కాగితంతో నేరుగా రయీసు దగ్గరికి వెళ్ళింది. బద్రాన్ ఆ చుక్కలు చూసి కుర్చీలోంచి లేచాడు. ముఫద్దల్ ఎంతటివాడు! చుక్క పెట్టమంటే చెయ్యి నరుక్కునే మనిషి! పైగా ఏమంటున్నాడు? తాను కనిపెట్టిన మందును తానే కాదంటున్నాడు. అది నిజమైతే రయీసు గారు తాగిందేమిటి, వాలీ గారికి తాగించిందేమిటి? నిజం కావడానికి వీల్లేదు కాబట్టి రోగమే అయి ఉండాలి. బద్రాన్ దుర్మార్గుడు కాడు. కుట్ర అన్నది ఆయన మనసులోకే రాలేదు. నిజంగానే జాలిపడి, ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని ముఫద్దల్ దగ్గరికి వచ్చాడు.

నాడి చూశాడు. మూత్రం సీసా వెలుగులో తిప్పాడు.

"నిద్ర పడుతోందా?"

"రెండు నెలలుగా సరిగ్గా లేదు రయీస్ గారూ. అబద్ధం చెప్పానని..."

"నిద్ర లేదు," అన్నాడు బద్రాన్ పక్కవాడితో. "దిగులుగా ఉంటోందా?"

"ఉండదా మరి? నా మూలంగా ఒక పిల్ల..."

"కారణం లేని దిగులు. వంకాయ తింటున్నావా?"

"వంకాయ సంగతి ఇప్పుడెందుకండీ?"

"తింటున్నాడు. మసూరుపప్పు కూడా తింటూ ఉండాలి." బద్రాన్ నిట్టూర్చి సీసా కింద పెట్టాడు. "నల్లపిత్తం నాయనా. ఆ వంకాయకీ పప్పుకీ పొంగి మెదడుకెక్కింది. నీకు తెలియనిదేముంది, నువ్వే అయితే ఇదే చెప్పేవాడివి."

ముఫద్దల్‌కు భయం వేసింది. ఎందుకంటే అది నిజం. ఇదే మూత్రం, ఇదే నాడి, ఇవే మాటలు ఇంకొకడివై ఉంటే తానూ నల్లపిత్తమనే రాసి ఉండేవాడు.

"నాకేం రోగం లేదు," అన్నాడు.

"అదే దీని మొదటి లక్షణం."

"నా భార్యకు నలభై రోజులు అంజూరం కషాయమే ఇచ్చాను. మీరే కదా చీటీలన్నీ చూశారు!"

"చూశాను. సరైన మందే ఇచ్చావు. ఆయువు తీరింది." బద్రాన్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "పాపం, ఆ దిగులే ఇన్నాళ్ళకి ఇలా తిరగబెట్టింది."

ముఫద్దల్‌ను ఆయన పనిచేసే ఆసుపత్రిలోనే, జ్వరాల గదికి ఎదురుగా మనసు చెదిరినవాళ్ళుండే గదిలో పెట్టారు. మర్యాదకు లోటు లేదు. తలకు చలవకని బనప్స పూల నూనె రుద్దేవాళ్ళు. మేకపాలు విరగ్గొట్టిన నీళ్ళలో విరేచనం మందు కలిపి ఇచ్చేవాళ్ళు, ఆ పూటంతా ఆయన గదిలో ఉన్న సమయం కన్నా బయట ఉన్న సమయమే ఎక్కువ. మధ్యాహ్నం వీణలాంటి ఊద్ వాయించేవాడొకడు వచ్చి, నల్లపిత్తం కరగడానికని విషాదంగా ఒకే పాట వాయించేవాడు. రెండో రోజుకే ముఫద్దల్‌కు ఆ పాట వింటే ఏడుపొచ్చేది. కరుగుతోందని రాసుకున్నారు.

రోజూ పొద్దున్న బద్రాన్ వచ్చి ఒక పలక చూపించేవాడు. దాని మీద చుక్కల్లేకుండా మూడు పళ్ళు గీసి ఉండేవి.

"చదువు నాయనా."

"అంజూరం."

బద్రాన్ నొచ్చుకుని వెళ్ళేవాడు. మళ్ళీ మేకపాల నీళ్ళు, మళ్ళీ ఊద్.

అయిదు రోజులు ముఫద్దల్ అంజూరమనే చదివాడు. ఇన్నాళ్ళకు దొరికిన నిజాన్ని వదలబుద్ధి కాలేదు. ఆరో రోజున నూనె రుద్దే మనిషిని అడిగాడు.

"జీనుల గానిమ్ కూతురికి ఎలా ఉందో తెలుసా?"

"వాళ్ళ వీధిలోంచే వస్తున్నానండి. నిన్నంతా పొయ్యి మీద గడ్డే మరుగుతోంది. వాసన వీధి మొగదాకా వచ్చింది."

ముఫద్దల్ కళ్ళు మూసుకున్నాడు. తాను ఇక్కడ కూర్చుని నిజం కాపాడుకుంటున్నాడు, అక్కడ పిల్లకు గడ్డి నీళ్ళు పడుతున్నాయి. నిజం పట్టుకుని వేలాడితే పిల్ల దక్కదు. ఏడో రోజు పొద్దున్న బద్రాన్ పలక ఎత్తేలోపే, "గడ్డి" అన్నాడు.

"సరిగ్గా చూసి చదువు."

"గడ్డే రయీస్ గారూ. మంచి బార్లీ గడ్డి. ఎప్పుడూ గడ్డే."

బద్రాన్ కళ్ళు చెమర్చాయి. కౌగలించుకున్నాడు. వాలీ గారికి కబురు పంపించాడు. కొత్త అంగీ తొడిగించి, రేపే వచ్చి పీఠం మీద కూర్చోమన్నాడు. ముఫద్దల్ సరేనని, గుమ్మం దాటగానే ఆ కొత్త అంగీ ఎత్తిపట్టి పరుగెత్తాడు. అంగట్లో ఎండు అంజూరాల దండ ఒకటి కొని మెడలోనే వేసుకున్నాడు, చేతుల్లో పట్టుకుంటే పరుగుకు అడ్డమని. దారిలో జనం పక్కకు తప్పుకున్నారు. అప్పుడే పిచ్చిగదిలోంచి వచ్చాడని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

గానిమ్ ఇంటి తలుపు తోసేసరికి, జుమానా గడ్డి మోపు మీద కూర్చుని తోలు ముక్కలతో ఆడుకుంటోంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. దగ్గు లేదు. ముఫద్దల్ ఆగకుండా వెళ్ళి పిల్ల వీపుకు చెవి ఆనించాడు. లోపల కూత లేదు. ఊపిరి మాత్రం వస్తూ పోతూ ఉంది. ఆయన అక్కడే కింద కూలబడ్డాడు.

"హకీం గారూ! బాగైందా మీకు?" లుబాబా పరుగెత్తుకొచ్చింది. "చూశారా, పిల్లకీ తగ్గిపోయింది. రెండు రోజులైంది."

"గడ్డి నీళ్ళు తాగిందా?"

లుబాబా అటూ ఇటూ చూసింది.

"మీరు కోప్పడనంటే ఒక మాట చెప్తా. ఒక్క చుక్క మింగలేదండీ. పోసిందంతా ఉమ్మేసింది. మీ మందుకి అవమానం కాకూడదని రోజూ మరిగించి మేక తొట్లో పోశాను. ఎవరితో అనకండి."

మూల కూర్చుని జీను కుడుతున్న గానిమ్ పకపకా నవ్వాడు.

"తండ్రి పోలిక! నేను మాత్రం తాగానా ఏంటి?"

"ఏంటీ?" అంది లుబాబా.

"నువ్వు అటు తిరగ్గానే జిగురు కుండలో పోసేవాణ్ణి. ఆ జిగురుతో అతికిన జీను ఇప్పటికీ ఊడలేదు."

"ఆరు రోజులూనా? ఛీ, నీ నోట్లో మన్నుపడ! రయీసు గారి దగ్గర తలూపావు కదయ్యా!"

"నిన్ను కాదనే ధైర్యం ఎక్కడిదే నాకు?"

వాళ్ళిద్దరూ అలా వాదులాడుకుంటూనే ఉన్నారు. ముఫద్దల్‌కు వినిపించడం మానేసింది. గానిమ్ గడ్డి తాగలేదు, అంజూరమూ తాగలేదు. పిల్లా తాగలేదు. ఇద్దరూ లేచి కూర్చున్నారు. ఊళ్ళో గడ్డి తాగినవాళ్ళలో కొందరు లేచారు, కొందరు పోయారు. అంతకు ముందు ముప్పై ఏళ్ళూ అంజూరం తాగినవాళ్ళలోనూ కొందరు లేచారు, కొందరు పోయారు. లేచినవాళ్ళను తానే లేపాననుకున్నాడు. పోయినవాళ్ళకు ఆయువు తీరిందన్నాడు. ఆయనకు నవ్వొచ్చింది. ఆ వెంటే సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది. ఇది ఏ రసమో, వేడో చలవో ఆయనకు తెలియలేదు.

జుమానా దగ్గరికి వచ్చి ఆయన మెడలో దండ పట్టుకుని చూసింది. అనుమానంగా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది మందా తాతా?"

ముఫద్దల్ దండలోంచి ఒక అంజూరం తుంచి పిల్ల చేతిలో పెట్టాడు.

"కాదు తల్లీ," అన్నాడు. "పండు."